డిస్క్ ఇమేజ్ ఫైళ్లు: లోపలి నిర్మాణం, వాడే పద్ధతులు

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోదలచిన చాలామంది నాలుగైదు గిగాబైట్ల ఐఎస్‌ఓ ఫైలును డౌన్‌లోడ్ చేసి, దాన్ని మామూలు ఫైలులాగే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్ నుంచి ఆన్ చేయాలని చూస్తారు. బూట్ చేయడానికి పరికరమేదీ దొరకలేదన్న సందేశం తెర మీద కనబడుతుంది. ఫైలు చెడిపోయిందనుకుని మళ్లీ డౌన్‌లోడ్ చేస్తారు, మళ్లీ అదే సందేశం వస్తుంది. నిజానికి ఫైలూ బాగానే ఉంది, పెన్‌డ్రైవూ బాగానే ఉంది. ఆ ఫైలు ఏ రకానికి చెందిందో తెలియక దాన్ని వాడకూడని విధంగా వాడారు, అంతే.

ఐఎస్‌ఓ ఫైలు ఒక రకం డిస్క్ ఇమేజ్. డిస్క్ ఇమేజ్ అనేది ఫైళ్ల మూట కాదు. ఒక డిస్క్ మీద మొదటి సెక్టార్ (డిస్క్ మీద ఒక్కసారి చదివే కనీస భాగం) నుంచి చివరి సెక్టార్ వరకు ఉన్న సమాచారాన్నంతా, ఉన్నది ఉన్న వరుసలోనే, ఒకే ఫైలులోకి ఎత్తి రాసిన ప్రతి అది. జిప్ ఫైలు ఇంట్లోని సామాను సర్దిపెట్టిన పెట్టె అయితే, డిస్క్ ఇమేజ్ గోడలు, గుమ్మాలతో సహా ఇంటి మొత్తానికి నకలు. ఫైళ్ల పేర్లు, ఫోల్డర్ల అమరిక, ఏ ఫైలు ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టికలు, కంప్యూటర్ ఆన్ అయినప్పుడు నడవాల్సిన బూట్ కోడ్, ఇవన్నీ అందులో తమ తమ స్థానాల్లోనే ఉంటాయి. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే కింద చెప్పబోయే పద్ధతుల్లో ప్రతి దానికీ కారణం దానంతటదే అర్థమవుతుంది.

ఐఎస్‌ఓ ఫైలు లోపల ఏముంటుంది

డేటా సీడీలో ఒక్కో సెక్టార్‌లో వాడకానికి అందే సమాచారం 2,048 బైట్లు. అందుకే చక్కగా తయారైన ఐఎస్‌ఓ ఫైలు పరిమాణాన్ని 2,048తో భాగిస్తే శేషం రాదు. డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోయిందని అనుమానం వచ్చినప్పుడు ఈ భాగహారం ఒక తొలి పరీక్షగా పనికొస్తుంది. శేషం వస్తే ఫైలు అసంపూర్ణమని దాదాపుగా తేల్చుకోవచ్చు. శేషం రాకపోయినంత మాత్రాన ఫైలు మంచిదని మాత్రం చెప్పలేం.

ఐఎస్‌ఓ అనే పేరు ఐఎస్‌ఓ 9660 అనే ప్రమాణం నుంచి వచ్చింది. 1986లో పరిశ్రమ వర్గాలు కలిసి రూపొందించిన హై సియెర్రా అమరికను సవరించి, 1988లో అంతర్జాతీయ ప్రమాణంగా ప్రకటించారు. ఈ ప్రమాణం ప్రకారం మొదటి 16 సెక్టార్లు, అంటే 32,768 బైట్లు, ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను డిస్క్ మీద అమర్చే పద్ధతి) వాడుకోకుండా వదిలేస్తుంది. ఆ తర్వాతి సెక్టార్‌లో డిస్క్ వివరాల పట్టిక మొదలవుతుంది. ఏదైనా హెక్స్ ఎడిటర్‌లో (ఫైలులోని బైట్లను నేరుగా చూపే ప్రోగ్రాములో) ఒక ఐఎస్‌ఓ ఫైలును తెరిచి 32,768వ స్థానానికి వెళ్లి చూడండి. మొదట 1 అనే విలువ గల ఒక బైట్, దాని పక్కనే సీడీ001 (CD001) అనే ఐదు అక్షరాలు, ఆ తర్వాత కొద్ది దూరంలో డిస్క్‌కు తయారీదారు పెట్టిన పేరు కనిపిస్తాయి. ఆ పేరుకు 32 అక్షరాల చోటు కేటాయించారు. మౌంట్ చేసినప్పుడు, అంటే ఇమేజ్‌ను నిజమైన డిస్క్‌లా తెరిచినప్పుడు, డ్రైవ్ పక్కన కనిపించే పేరు చాలాసార్లు ఇక్కడిదే. ముందున్న ఆ ఖాళీ 32,768 బైట్లను గుర్తుంచుకోండి, బూటబుల్ పెన్‌డ్రైవ్ దగ్గర వాటి అవసరం పడుతుంది.

మొదటి ప్రమాణం చాలా ఇరుకైనది. దాని తొలి స్థాయిలో ఫైలు పేరుకు 8 అక్షరాలు, ఎక్స్‌టెన్షన్‌కు 3 అక్షరాలు మాత్రమే అనుమతించారు, అవి కూడా ఆంగ్ల పెద్ద అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. ఈ ఇరుకును దాటడానికి యూనిక్స్ ప్రపంచం రాక్ రిడ్జ్‌ను, మైక్రోసాఫ్ట్ జోలియెట్‌ను అదనపు పొరలుగా చేర్చాయి. డీవీడీల కాలానికి యూడీఎఫ్ అనే కొత్త ఫైల్ సిస్టమ్ వచ్చింది. ఇప్పటి విండోస్ ఇన్‌స్టలేషన్ ఇమేజ్‌లు ఈ యూడీఎఫ్‌నే వాడతాయి. యూడీఎఫ్ తెలియని పాత ప్రోగ్రాముతో అలాంటి ఇమేజ్‌ను తెరిస్తే, ఈ డిస్క్‌కు యూడీఎఫ్ చదవగల ఆపరేటింగ్ సిస్టమ్ కావాలని చెప్పే చిన్న రీడ్‌మీ ఫైలు ఒక్కటే కనిపిస్తుంది. ఐదు గిగాబైట్ల ఫైలులో ఒక్క రీడ్‌మీయే ఉందని కంగారు పడనక్కర్లేదు, తెరిచే ప్రోగ్రామును మారిస్తే మిగతావన్నీ కనిపిస్తాయి.

బిన్, క్యూ జంట: కాస్త లోతుగా

ఐఎస్‌ఓ తర్వాత ఎక్కువగా ఎదురయ్యేదీ, ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేదీ బిన్, క్యూ ఫైళ్ల జంట. సీడీ మీద భౌతికంగా ఒక్కో సెక్టార్‌లో ఉండేది 2,048 బైట్లు కాదు, 2,352. డేటా సీడీలో ఆ 2,352ను ఇలా పంచారు: సెక్టార్ మొదలును గుర్తించడానికి 12 బైట్లు, చిరునామాకు 4, అసలు సమాచారానికి 2,048, తప్పును పసిగట్టడానికి 4, ఖాళీగా 8, తప్పును సరిదిద్దడానికి 276. ఐఎస్‌ఓ ఫైలు వీటిలో అసలు సమాచారాన్నే ఉంచుకుంటుంది. బిన్ ఫైలు సాధారణంగా మొత్తం 2,352 బైట్లనూ ఉంచుకుంటుంది.

ఆడియో సీడీలో పరిస్థితి వేరు. అక్కడ 2,352 బైట్లూ ధ్వనికే పోతాయి. సెకనుకు 75 సెక్టార్లు చదివితే 1,76,400 బైట్లు వస్తాయి. సెకనుకు 44,100 నమూనాలు, రెండు ఛానెళ్లు, ఒక్కో నమూనాకు 2 బైట్లు అని లెక్కగట్టినా సరిగ్గా అదే అంకె వస్తుంది. ఈ కారణం వల్లనే ఆడియో సీడీని ఐఎస్‌ఓగా దాచడం సాధ్యం కాదు. అందులో ఫైల్ సిస్టమే లేదు, 2,048 బైట్ల గదుల్లోకి ఆ సెక్టార్లు ఇమడవు. పాత కంప్యూటర్ ఆటల డిస్క్‌లు చాలావాటిలో మొదటి ట్రాక్ డేటా, మిగతావి సంగీతం. అలాంటి డిస్క్‌ను ఐఎస్‌ఓగా మారిస్తే ఆట నడుస్తుంది కానీ సంగీతం పోతుంది.

బిన్ ఫైలులో ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో బిన్ ఫైలు చెప్పదు. ఆ పని క్యూ ఫైలుది. ఇది కొన్ని వరుసల మామూలు పాఠ్య ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. మొదటి వరుసలో బిన్ ఫైలు పేరు, తర్వాత ఒక్కో ట్రాక్ సంఖ్య, దాని రకం, ఆ కింద అది మొదలయ్యే చోటు ఉంటాయి. ఆ చోటును నిమిషాలు, సెకన్లు, ఫ్రేములుగా రాస్తారు, సెకనుకు 75 ఫ్రేములు. ఉదాహరణకు రెండో ట్రాక్ దగ్గర 03:25:40 అని ఉందనుకుందాం. 3 నిమిషాల 25 సెకన్లంటే 205 సెకన్లు. వాటిని 75తో గుణిస్తే 15,375. దానికి 40 కలిపితే 15,415వ సెక్టార్. దాన్ని 2,352తో గుణిస్తే 3,62,56,080. అంటే బిన్ ఫైలులో అన్ని బైట్లు దాటాక రెండో ట్రాక్ మొదలవుతుంది. క్యూ ఫైలు పోగొట్టుకున్నవారు బిన్‌లో ఒకే డేటా ట్రాక్ ఉన్నట్లయితే మూడు వరుసల క్యూ ఫైలును చేత్తో రాసుకోవచ్చు. ట్రాకులు ఎక్కువగా ఉంటే ఆ సరిహద్దులను మళ్లీ కనిపెట్టడం చాలా కష్టం, కనుక ఈ రెండు ఫైళ్లనూ ఎప్పుడూ విడదీయకండి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. బిన్ ఫైలు పేరును చూడముచ్చటగా మారుస్తారు, క్యూ ఫైలు లోపల మాత్రం పాత పేరే మిగిలిపోతుంది. దాంతో ఏ ప్రోగ్రాముకూ బిన్ ఫైలు దొరకదు. క్యూను నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి వరుసలోని పేరును సరిచేసి భద్రపరిస్తే సమస్య తీరుతుంది.

మిగిలిన రకాలు

ఎన్‌ఆర్‌జీ నీరో ప్రోగ్రాముది. ఎండీఎఫ్, ఎండీఎస్ జంట ఆల్కహాల్ 120% ప్రోగ్రాముది. సీసీడీ, ఐఎంజీ, సబ్ అనే మూడు ఫైళ్ల గుంపు క్లోన్‌సీడీది. వీటిలో చిన్న ఫైలు వివరాలను, పెద్ద ఫైలు సెక్టార్లను మోస్తుంది. డీఎంజీ మ్యాక్ ప్రపంచానిది, కుదింపు, పాస్‌వర్డ్ రక్షణ కూడా అందులో సాధ్యం.

ఐఎంజీ అనే ఎక్స్‌టెన్షన్ దగ్గర జాగ్రత్త అవసరం, ఎందుకంటే అది ఏ ఒక్క అమరికకూ పరిమితం కాదు. 14,74,560 బైట్ల ఐఎంజీ ఫైలు కనిపిస్తే అది 1.44 మెగాబైట్ల ఫ్లాపీ నకలు: 80 ట్రాకులు, 2 వైపులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టార్‌కు 512 బైట్లు. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్ల కోసం ఇచ్చే ఐఎంజీ, పార్టిషన్లతో (డిస్క్‌ను విభజించిన భాగాలతో) సహా మొత్తం మెమరీ కార్డు నకలు. అలాంటి ఐఎంజీ మీద విండోస్‌లో డబుల్ క్లిక్ చేస్తే డిస్క్ ఇమేజ్ చెడిపోయిందన్న సందేశం వస్తుంది. విండోస్ ఆ మార్గంలో సీడీ, డీవీడీ తరహా ఫైల్ సిస్టమ్ కోసమే వెతుకుతుంది గనుక ఆ సందేశాన్ని నమ్మి ఫైలును తొలగించకండి.

వీహెచ్‌డీ, వీహెచ్‌డీఎక్స్, వీఎండీకే, క్యూకౌ2 ఫైళ్లు వర్చువల్ మెషిన్లు (కంప్యూటర్ లోపల ప్రోగ్రాము రూపంలో నడిచే కంప్యూటర్లు) వాడే హార్డ్ డిస్క్ ఇమేజ్‌లు. వీటిలోకి రాయడం కూడా సాధ్యమే కాబట్టి సాధారణంగా వాడుతున్న కొద్దీ పెరుగుతాయి.

మొదటి అడుగు: ఫైలును సరిచూసుకోవడం

డౌన్‌లోడ్ పూర్తయిన వెంటనే, మరే పని చేయకముందే, చెక్‌సమ్ (ఫైలులోని మొత్తం సమాచారం నుంచి లెక్కగట్టిన గుర్తింపు విలువ) సరిచూడండి. ఆపరేటింగ్ సిస్టమ్ ఇమేజ్‌లు ఇచ్చే బాధ్యతగల సంస్థలు ఫైలు పక్కనే ఎస్‌హెచ్‌ఏ-256 విలువను ప్రకటిస్తాయి. ఇది 64 అక్షరాల వరుస. ఫైలులో ఒక్క బిట్ మారినా ఈ వరుస పూర్తిగా మారిపోతుంది.

విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే పవర్‌షెల్ తెరిచి గెట్-ఫైల్‌హ్యాష్ (Get-FileHash) ఆదేశం రాసి, ఒక ఖాళీ వదిలి, ఫైలును ఆ కిటికీలోకి లాగి వదిలితే దాని పూర్తి చిరునామా దానంతటదే పడుతుంది. ఎంటర్ నొక్కండి. పెద్ద ఫైలైతే కాసేపు ఆగాలి. లైనక్స్ టెర్మినల్‌లో ఇదే పనికి ఎస్‌హెచ్‌ఏ256సమ్ (sha256sum) ఆదేశం ఉంది, మ్యాక్‌లో ఎస్‌హెచ్‌ఏసమ్ ఆదేశానికి 256 ఎంపికను జోడించాలి (shasum -a 256). వచ్చిన విలువను మొదటి నాలుగు అక్షరాలు, చివరి నాలుగు అక్షరాలు చూసి వదిలేయకుండా మొత్తం పోల్చండి. రెండు విలువలనూ ఒకదాని కింద ఒకటి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే తేడా ఉన్నచోటు కంటికి తెలిసిపోతుంది. పాత పేజీల్లో 32 అక్షరాల ఎండీ5 విలువ కనిపిస్తుంటుంది. డౌన్‌లోడ్ లోపాన్ని పట్టుకోవడానికి అది చాలు గానీ, కావాలని చేసిన మార్పును పట్టుకోవడానికి ఇప్పుడు దాన్ని నమ్మకూడదు.

ఇది అతి జాగ్రత్త అనిపించేవారికి ఒక సంఘటన చెప్పాలి. 2016 ఫిబ్రవరిలో లైనక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడినవారు డౌన్‌లోడ్ లంకెను మార్చి, దొంగ దారి అమర్చిన ఐఎస్‌ఓ వైపు మళ్లించారు. ఫైలు చక్కగా డౌన్‌లోడ్ అయింది, చక్కగా ఇన్‌స్టాల్ కూడా అయింది. వెబ్‌సైటే ఇతరుల చేతికి చిక్కినప్పుడు అక్కడున్న చెక్‌సమ్‌ను కూడా మార్చేయగలరు. అందుకే పెద్ద లైనక్స్ పంపిణీలన్నీ చెక్‌సమ్ ఫైలు మీద జీపీజీ సంతకం (రహస్య తాళంతో చేసే డిజిటల్ సంతకం) కూడా చేస్తాయి. ముఖ్యమైన కంప్యూటర్లలో వాడబోయే ఇమేజ్‌కు ఈ సంతకాన్ని కూడా తనిఖీ చేయడం మంచిది.

రెండో అడుగు: మౌంట్ చేసి చూడడం

ఇమేజ్‌లోని ఫైళ్లు చూడడానికో, అందులోంచి ఒక ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేయడానికో దాన్ని డిస్క్ మీదికి ఎక్కించనక్కర్లేదు. మౌంట్ చేస్తే చాలు. అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ఫైలునే ఒక నిజమైన డిస్క్‌గా భావించి కొత్త డ్రైవ్‌ను చూపిస్తుంది.

విండోస్ 8 నుంచి ఈ సౌకర్యం వ్యవస్థలోనే ఉంది. ఐఎస్‌ఓ ఫైలు మీద డబుల్ క్లిక్ చేయండి, లేదా రైట్ క్లిక్ చేసి మౌంట్ ఎంచుకోండి. పని అయ్యాక ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ నొక్కండి. మౌంట్ అయి ఉన్న ఫైలును తొలగించడం, పేరు మార్చడం కుదరదు, ఫైలు వాడకంలో ఉందన్న సందేశం వస్తే ముందు ఎజెక్ట్ చేశారో లేదో చూసుకోండి. రైట్ క్లిక్‌లో మౌంట్ కనిపించకపోతే ఏదో ఆర్కైవ్ ప్రోగ్రాము ఐఎస్‌ఓ ఫైళ్లను తన పేరున కట్టేసుకుందని అర్థం. ఓపెన్ విత్ లోకి వెళ్లి విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను ఎంచుకోండి. టొరెంట్ ద్వారా వచ్చిన ఫైలు చెక్‌సమ్ సరిపోయినా కొన్నిసార్లు మౌంట్ కాదు. అది డిస్క్ మీద స్పార్స్ ఫైలుగా (ఖాళీ భాగాలకు చోటు కేటాయించని ఫైలుగా) నమోదై ఉండడమే కారణం. ఆ ఫైలును మరో ఫోల్డర్‌లోకి కాపీ చేసి, కొత్త ప్రతిని మౌంట్ చేయండి.

మ్యాక్‌లో డబుల్ క్లిక్ సరిపోతుంది. లైనక్స్‌లో చాలా డెస్క్‌టాప్‌లు రైట్ క్లిక్‌తోనే డిస్క్ ఇమేజ్ మౌంటర్‌ను చూపిస్తాయి. టెర్మినల్ వాడేవారు ఒక ఖాళీ ఫోల్డర్ తయారుచేసి, మౌంట్ ఆదేశానికి లూప్ ఎంపికను ఇస్తే ఆ ఫోల్డర్‌లో ఇమేజ్ తెరుచుకుంటుంది. బిన్, క్యూ జంటను ఈ మూడు వ్యవస్థలూ నేరుగా మౌంట్ చేయవు, విండోస్‌లో అందుకు విన్‌సీడీఎము వంటి ప్రత్యేక ప్రోగ్రాము కావాలి. ఫైళ్లను బయటికి తీసుకోవడమే మీ అవసరమైతే సెవెన్-జిప్ ఐఎస్‌ఓను మామూలు ఆర్కైవ్‌లా తెరుస్తుంది, మౌంట్ కూడా అక్కర్లేదు.

ఐఎస్‌ఓ మౌంట్ అయినా అందులోకి ఏమీ రాయలేం. లోపలి ఫైలును మార్చాలంటే అన్నింటినీ బయటికి తీసి, మార్చి, కొత్త ఇమేజ్ కట్టాలి.

భద్రత గురించి ఒక మాట గట్టిగానే చెప్పాలి. ఈమెయిల్‌కు జతగా వచ్చిన ఐఎస్‌ఓ లేదా ఐఎంజీ ఫైలును తెరవకండి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లకు విండోస్ ఒక గుర్తు తగిలించి, నడిపేముందు హెచ్చరిస్తుంది. ఐఎస్‌ఓకు ఆ గుర్తు ఉన్నా, లోపలి ఫైళ్లకు చాలాకాలం అది అంటేది కాదు. మోసగాళ్లు బిల్లు, కొరియర్ రసీదు అనే పేర్లతో ఐఎస్‌ఓలు పంపి దీన్ని విస్తారంగా వాడుకున్నారు. 2022 నవంబరు అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ ఈ లోపాన్ని సరిచేసింది. అయినా అప్‌డేట్లు ఆపేసుకున్న కంప్యూటర్లు ఉన్నంతకాలం ప్రమాదం ఉన్నట్టే. నిజమైన బిల్లును ఎవరూ డిస్క్ ఇమేజ్‌గా పంపరు.

మూడో అడుగు: బూటబుల్ పెన్‌డ్రైవ్ తయారీ

మొదట్లో చెప్పిన చిక్కుకు ఇప్పుడు సమాధానం చూద్దాం. సీడీ నుంచి కంప్యూటర్ ఎలా బూట్ అవ్వాలో ఎల్ టొరిటో అనే నిర్దేశం చెబుతుంది. డిస్క్ వివరాల పట్టిక పక్కనున్న ఒక సెక్టార్, బూట్ కోడ్ ఎక్కడుందో చూపిస్తుంది. పెన్‌డ్రైవ్ విషయంలో కంప్యూటర్ అక్కడ వెతకదు. కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే ప్రాథమిక ప్రోగ్రాము పాత బయోస్ అయితే, అది పెన్‌డ్రైవ్ మొట్టమొదటి 512 బైట్లలో బూట్ రికార్డు కోసం చూస్తుంది. దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ అయితే ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్ ఉన్న పార్టిషన్‌లో నిర్ణీత ఫోల్డర్‌లోని బూట్ ఫైలు కోసం చూస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఐఎస్‌ఓను ఒక ఫైలుగా పెట్టినప్పుడు ఈ రెండింటిలో ఏదీ అక్కడ ఉండదు.

లైనక్స్ పంపిణీలు దీనికి చక్కని ఉపాయం కనిపెట్టాయి. ఐఎస్‌ఓ ప్రమాణం ముందుభాగంలో వదిలేసిన 32,768 బైట్ల ఖాళీలో హార్డ్ డిస్క్ తరహా బూట్ రికార్డును ఇమిడ్చాయి. దాంతో అదే ఇమేజ్ సీడీ మీద సీడీగానూ, పెన్‌డ్రైవ్ మీద హార్డ్ డిస్క్‌గానూ పనిచేస్తుంది. వీటిని హైబ్రిడ్ ఐఎస్‌ఓలంటారు. వీటిని సెక్టార్ వెంట సెక్టార్‌గా పెన్‌డ్రైవ్ మీద రాస్తే సరిపోతుంది. విండోస్ ఐఎస్‌ఓలో ఈ ఏర్పాటు లేదు, కాబట్టి దాన్ని అలా నేరుగా రాస్తే బూట్ అవదు. పెన్‌డ్రైవ్‌ను తగిన విధంగా ఫార్మాట్ చేసి, లోపలి ఫైళ్లను అందులో అమర్చాలి.

విండోస్‌లో రూఫస్ అనే ప్రోగ్రాము ఈ రెండు పద్ధతులూ చేస్తుంది. క్రమం ఇది. పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లన్నీ మరోచోట దాచుకోండి, ఎందుకంటే అవన్నీ చెరిగిపోతాయి. మిగతా పెన్‌డ్రైవ్‌లు, బయటి హార్డ్ డిస్క్‌లు తీసేయండి. రూఫస్ తెరిచి పరికరాన్ని, ఐఎస్‌ఓను ఎంచుకోండి. గత పదేళ్లలో వచ్చిన కంప్యూటర్‌కైతే పార్టిషన్ పద్ధతిగా జీపీటీ, గురిగా యూఈఎఫ్‌ఐ ఉంచండి, బాగా పాత యంత్రానికి ఎంబీఆర్ ఎంచుకోండి. హైబ్రిడ్ ఐఎస్‌ఓ అయితే ఐఎస్‌ఓ పద్ధతిలో (లోపలి ఫైళ్లను అమర్చుతూ) రాయాలా, డీడీ పద్ధతిలో (సెక్టార్ వెంట సెక్టార్‌గా) రాయాలా అని రూఫస్ అడుగుతుంది. ముందు ఐఎస్‌ఓ పద్ధతి ప్రయత్నించి, అది బూట్ కాకపోతే డీడీ పద్ధతికి వెళ్లండి.

చేత్తో ఫైళ్లు కాపీ చేసి విండోస్ పెన్‌డ్రైవ్ తయారుచేయాలనుకునేవారికి ఒక అడ్డంకి ఎదురవుతుంది. యూఈఎఫ్‌ఐ సాధారణంగా చదివేది ఫ్యాట్32నే, ఫ్యాట్32లో ఒక ఫైలు 4 గిగాబైట్లకు చేరకూడదు, విండోస్ ఇమేజ్‌లోని ఇన్‌స్టాల్ అనే ప్రధాన ఫైలు తరచుగా ఆ హద్దు దాటుతుంది. రూఫస్ పెన్‌డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేసి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదివించే చిన్న డ్రైవర్‌ను పక్క పార్టిషన్‌లో పెట్టి ఈ అడ్డంకిని దాటుతుంది.

తరచుగా ఇన్‌స్టలేషన్లు చేసేవారికి వెంటాయ్ అనే ప్రోగ్రాము నా మొదటి సిఫారసు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఒక్కసారి అమర్చాక ఐఎస్‌ఓ ఫైళ్లను మామూలుగా కాపీ చేస్తూ పోవచ్చు. బూట్ సమయంలో జాబితా చూపించి ఏది కావాలో అడుగుతుంది.

లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ డీడీ ఆదేశం ఇదే పని చేస్తుంది, కానీ అది ఏ హెచ్చరికా ఇవ్వకుండా చెప్పిన పరికరం మీద రాసేస్తుంది. ఎంటర్ నొక్కేముందు పరికరాల జాబితా తీసి, పరిమాణం చూసి, అది మీ పెన్‌డ్రైవేనని రూఢి చేసుకోండి. పరికరం పేరు రాయాలి గానీ అందులోని పార్టిషన్ పేరు కాదు. రాసిన తర్వాత విండోస్‌లో పెన్‌డ్రైవ్ పరిమాణం బాగా తక్కువగా కనిపించడం సహజం. పెన్‌డ్రైవ్ పాడవలేదు, ఇమేజ్‌లోని పార్టిషన్ పట్టిక దాని మీదికి వచ్చింది. రూఫస్‌లో నాన్ బూటబుల్ ఎంచుకుని ఫార్మాట్ చేస్తే పూర్తి పరిమాణం తిరిగి వస్తుంది.

డిస్క్ మీద బర్న్ చేయడం, వర్చువల్ మెషిన్‌లో వాడడం

బర్నింగ్ ఇప్పుడు అరుదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 80 నిమిషాల సీడీలో 3,60,000 సెక్టార్లు ఉంటాయి, అంటే దాదాపు 703 మెగాబైట్ల డేటా. ఒక పొర డీవీడీ 4.7 గిగాబైట్లని అట్ట మీద ఉన్నా విండోస్ లెక్కలో అది 4.38 గిగాబైట్లే. ఐఎస్‌ఓ మీద రైట్ క్లిక్ చేసి బర్న్ డిస్క్ ఇమేజ్ ఎంచుకోండి, బర్న్ అయ్యాక వెరిఫై చేసే గడిలో టిక్ పెట్టండి. తయారైన డిస్క్‌ను తెరిస్తే ఫోల్డర్లు కనిపించాలి. ఒకే ఒక్క ఐఎస్‌ఓ ఫైలు కనిపిస్తే దాన్ని ఇమేజ్‌గా కాక డేటాగా రాశారన్నమాట.

వర్చువల్‌బాక్స్ వంటి ప్రోగ్రాముల్లో సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ భాగంలో ఆప్టికల్ డ్రైవ్‌కు ఐఎస్‌ఓను తగిలిస్తే చాలు. ఇన్‌స్టలేషన్ ముగిశాక దాన్ని తీసేయడం మరిచిపోతే మెషిన్ మళ్లీ ఇన్‌స్టాలర్‌లోకే వెళ్లవచ్చు.

పాత డిస్క్‌ల నుంచి ఇమేజ్ తీయడం

పాత సీడీలు, డీవీడీలు దాచుకున్నవారు వాయిదా వేయకూడని పని ఇది. ఇంట్లో రాసుకున్న డిస్క్‌లలో సమాచారాన్ని పట్టి ఉంచేది రంగు పొర. వెలుతురు, వేడి, తేమ దాన్ని క్రమంగా చెరిపేస్తాయి. కుటుంబ ఫొటోలు ఉన్న డిస్క్‌ను ఫైళ్లుగా కాపీ చేయడం కంటే మొదట ఇమేజ్ తీయడం మేలు. డ్రైవ్ మొదటి నుంచి చివరికి ఒకే వరుసలో చదువుతుంది కనుక నీరసించిన డిస్క్ మీద ఒత్తిడి తగ్గుతుంది, చదవలేకపోయిన చోటు కూడా స్పష్టంగా తెలుస్తుంది.

మెత్తని పొడి గుడ్డతో డిస్క్‌ను మధ్య నుంచి అంచు వైపు తుడవండి, గుండ్రంగా తుడవకండి. విండోస్‌లో ఇమ్‌జీబర్న్ ప్రోగ్రాములో డిస్క్ నుంచి ఇమేజ్ తయారుచేసే ఎంపిక తీసుకోండి. డిస్క్‌లో ఆడియో ట్రాకులుంటే అది తనంతట తానే బిన్, క్యూ జంటను ఎంచుకుంటుంది, దాన్ని బలవంతంగా ఐఎస్‌ఓకు మార్చకండి. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీ తెరిచి, కొత్త ఇమేజ్ ఎంపికలో డీవీడీ/సీడీ మాస్టర్ రకాన్ని ఎంచుకోండి, సీడీఆర్ ఎక్స్‌టెన్షన్‌తో ఫైలు తయారవుతుంది. లైనక్స్‌లో డిస్క్స్ అనే ప్రోగ్రాములో క్రియేట్ డిస్క్ ఇమేజ్ ఉంది.

గీతలు పడిన డిస్క్‌కు ఇవి చాలవు, జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము వాడండి. సెక్టార్ పరిమాణం 2,048 అని చెప్పి, తప్పకుండా మ్యాప్ ఫైలు పేరు కూడా ఇవ్వండి. అది మొదటి విడతలో సులువుగా చదవగలిగిన భాగాలన్నీ తీసుకుని, మొండికేసిన చోట్లను మ్యాప్ ఫైలులో నమోదు చేసి, తర్వాతి విడతల్లో వాటి మీదికి వస్తుంది. ఎప్పుడైనా ఆపి మళ్లీ కొనసాగించవచ్చు. దీని అసలు బలం వేరే ఉంది. అదే డిస్క్‌ను మరో కంప్యూటర్‌లోని డ్రైవ్‌లో పెట్టి, అదే ఇమేజ్, అదే మ్యాప్ ఫైలుతో నడిపితే, మొదటి డ్రైవ్ చదవలేని సెక్టార్లను రెండోది చదివి ఖాళీలు పూరించడం తరచుగా జరుగుతుంది.

పూర్తిగా బాగున్న డిస్క్‌లో కూడా చిట్టచివరి రెండు సెక్టార్ల దగ్గర లోపం రావచ్చు. ట్రాక్-ఎట్-వన్స్ పద్ధతిలో (ఒక్కో ట్రాకును విడివిడిగా) రాసిన డిస్క్‌ల చివర డ్రైవ్ ముగింపు కోసం రాసే రెండు సెక్టార్లుంటాయి, వాటిలో మీ సమాచారం ఏదీ ఉండదు. లోపం అక్కడికే పరిమితమైతే ఇమేజ్‌ను నిశ్చింతగా ఉంచుకోవచ్చు. సినిమా డీవీడీలలో కాపీ రక్షణ ఉంటుంది, వాటి నకలు తీయడం మీ దేశ చట్టం అనుమతిస్తుందో లేదో తెలుసుకున్నాకే ముందుకెళ్లండి.

ఒక రకం నుంచి మరో రకానికి

ఎక్స్‌టెన్షన్ మార్చినంత మాత్రాన ఫైలు మారదు. బిన్ ఫైలుకు ఐఎస్‌ఓ అని పేరు పెట్టినా లోపల సెక్టార్‌కు 2,352 బైట్లే ఉంటాయి, సీడీ001 అనే గుర్తు ఉండాల్సిన చోట ఉండదు, మౌంట్ ప్రోగ్రాము తిరస్కరిస్తుంది. పైన చెప్పిన సీడీఆర్ ఫైలు మాత్రం లోపల ఐఎస్‌ఓ వరుసలోనే ఉంటుంది కాబట్టి పేరు మార్పు దానికి సరిపోతుంది. ఒకే డేటా ట్రాక్ ఉన్న బిన్‌ను బీచంక్ వంటి పరికరం ఐఎస్‌ఓగా మారుస్తుంది, ఆడియో ట్రాకులుంటే వాటిని విడిగా వేవ్ ఫైళ్లుగా ఇస్తుంది. మార్చాక కూడా అసలు బిన్, క్యూ జంటను తొలగించకండి. తప్పు దిద్దే బైట్లు, ట్రాకుల మధ్య విరామాలు ఐఎస్‌ఓలోకి రావు, ఐఎస్‌ఓ నుంచి అసలు డిస్క్‌ను ఉన్నదున్నట్టు మళ్లీ కట్టలేరు.

ఇమేజ్‌లను ఏళ్ల తరబడి భద్రపరచదలచినవారు ఒక్కో డిస్క్‌కు ఒక్కో ఫోల్డర్ పెట్టి, అందులో ఇమేజ్, క్యూ ఉంటే క్యూ, డీడీరెస్క్యూ వాడితే దాని మ్యాప్ ఫైలు, డిస్క్ పైభాగం ఫొటో, ఇమేజ్ తీసిన రోజే లెక్కగట్టిన ఎస్‌హెచ్‌ఏ-256 విలువ గల చిన్న పాఠ్య ఫైలు ఉంచండి. ఫోల్డర్ ప్రతిని వేరే హార్డ్ డిస్క్‌లో కూడా దాచి, ఏడాదికోసారి రెండు ప్రతుల చెక్‌సమ్‌లనూ మళ్లీ లెక్కగట్టండి. ఒకదానిలో విలువ మారితే సరిగ్గా ఉన్న ప్రతి నుంచి వెంటనే కొత్త ప్రతి తీసుకుని, లోపం వచ్చిన హార్డ్ డిస్క్‌ను పరీక్షించండి.